గజ ఈతగాళ్ళు రాకముందు...

మన పేపర్లలో జిల్లా ఎడిషన్ చదివే అలవాటున్నవాళ్ళకి ఈ వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది: "స్నానానికి దిగిన యువకులు గల్లంతు, గజ ఈతగాళ్ళతో గాలింపు." శివరాత్రికో కార్తీకమాసానికో ఒకసారి, ఎండాకాలం సెలవుల్లో నాలుగైదుసార్లు ఇదే వార్త. ఊరి పేరు మారుతుంది, పక్కనున్న అంకె మారుతుంది, అంతే. 2025 ఫిబ్రవరి 26న, మహాశివరాత్రి పొద్దున్నే, తాళ్ళపూడి మండలం తాడిపూడి దగ్గర గోదావరిలో దిగిన ఐదుగురు కుర్రాళ్ళు పోయారు. సరిగ్గా మూడు నెలలకి, మే 26న, కోనసీమలో ముమ్మిడివరం దగ్గర అదే గోదావరిలో ఎనిమిది మంది పోయారు. ఒకడు మునుగుతుంటే ఇంకొకడు, వాడికోసం మరొకడు. ఇలాంటి వార్తల్లో సగం ఇలాగే ఉంటాయి.

ఇది ఒక పక్క. ఇంకో పక్క మన ఆఫీసుల్లో ఏ లాంగ్ వీకెండ్ అయినా చాలు, సోమవారానికల్లా ఎవరో ఒకరు నీళ్ళకింద చేపల మధ్య బొటనవేలు పైకెత్తి దిగిన ఫోటో ఒకటి వస్తుంది. అండమాన్, పుదుచ్చేరి, గోవా, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి, మన విశాఖలో రుషికొండ. "స్కూబా చేసేశాం" అంటారు. నేనూ ఆ బాపతే కాబట్టి వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. రెండేళ్ళ కిందట మొదలుపెట్టి ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ కోర్సులు వరుసగా చేశాను. మా అమ్మ దృష్టిలో ఇది డబ్బులిచ్చి మరీ మునగడం :)

అయితే ఈ రెండు పక్కలూ ఒకదానికొకటి తెలియకుండా బతుకుతున్నాయనేది నా బాధ. నీళ్ళలో ప్రాణం ఎలా నిలుపుకోవాలి, పక్కవాడిని ఎలా కాపాడాలి అన్న విద్య పద్ధతి ప్రకారం, మెట్టు మెట్టుగా నేర్పే చోటు స్కూబా శిక్షణ. ఆ విద్య అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్న చోటు మా డెల్టా. మనం అక్కడికి వెళ్ళి ఫోటో తెచ్చుకుంటున్నాం గానీ ఆ విద్యని ఇంటికి తేవడం లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ముందుగా ఆ ఫోటో సంగతి చూద్దాం. టూరిస్టులు చేసేదాన్ని ట్రై డైవ్ అంటారు. ఓ అరగంట చెప్పి, నడుము లోతు నీళ్ళలో రెండు మూడు విషయాలు చేయించి, ఒక శిక్షకుడు మీ వెనకాల సిలిండర్ పట్టుకుని తిప్పి తీసుకొస్తాడు. లోతు పన్నెండు మీటర్లు దాటకూడదు. ఈత రాకపోయినా పర్లేదంటారు. సరిగ్గా చేయిస్తే ఇది మంచి అనుభవమే, కాదనను. కానీ అది డ్రైవింగ్ రావడం కాదు, కారులో ముందు సీట్లో కూర్చోవడం. స్టీరింగ్ మొత్తం వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అందుకే అది ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. నేను మొట్టమొదట చేసిన ట్రై డైవ్‌లో (ఎక్కడో, ఎవరో అనవసరం) ఆరోగ్యం గురించిన ఫారం ఇచ్చి "అన్నిటికీ నో పెట్టి సంతకం పెట్టండి సార్, లైనుంది" అన్నారు. ఆ ఫారంలో అడిగేది ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, మూర్ఛలు వస్తాయా అని. ఆస్తమా ఉన్నవాడు అది చదవకుండా సంతకం పెడితే పోయేది వాడి ప్రాణమే. మనం యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఐ అగ్రీ" నొక్కే అలవాటుని ఇక్కడికి తెచ్చుకోకూడదు.

అన్నట్టు, ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు. మామూలు గాలే, రెండు వందల బార్ దాకా ఒత్తి నింపుతారు. ఉత్త ఆక్సిజన్ అయితే ఆరు మీటర్ల లోతు దాటితే అదే విషం, ఫిట్స్ వచ్చేస్తాయి. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి తయారుచేసిన ఆక్వాలంగ్ గొప్పతనమంతా ఆ గాలిని ఏ లోతులో ఎంత పీడనంతో కావాలో అంతే పీడనంతో, మనం పీల్చినప్పుడు మాత్రమే ఇచ్చే రెగ్యులేటర్‌లో ఉంది. ఎనభై ఏళ్ళయినా సూత్రం అదే. మన ఫీల్డులో అయితే ఈపాటికి నలభై ఫ్రేమ్‌వర్కులు మారిపోయి ఉండేవి.

అసలు కోర్సు సంగతికి వద్దాం. ఓపెన్ వాటర్ కోర్సులో మొదట అడిగేది గాలి సిలిండర్ గురించి కాదు, ఈత. రెండు వందల మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు ఏ ఆధారం లేకుండా నీళ్ళమీద తేలాలి. స్పీడు ఎవరూ చూడరు. ఆ పది నిమిషాలు తేలడం చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నదిలో కాలు జారినవాడికి పది నిమిషాలంటే పడవ వచ్చేంత సమయం.

తరవాత నేర్పే మొట్టమొదటి సూత్రం: ఊపిరి బిగబట్టకు. ఎప్పుడూ, ఏ కారణానికీ. ఇంటర్‌లో చదివి ఎంసెట్ అవగానే మర్చిపోయిన బాయిల్ సూత్రమే ఇది. పది మీటర్ల లోతులో పీడనం పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి, బిగబట్టి పైకి వస్తే రెండింతలవుతుంది. పట్టే చోటు లేక ఊపిరితిత్తి చిరుగుతుంది. దీనికి పది మీటర్లు కూడా అక్కర్లేదు, స్విమ్మింగ్ పూల్ లోతు చాలు. విచిత్రం ఏంటంటే, మా ఊళ్ళో గజ ఈతగాడి గొప్పతనం ఎంతసేపు ఊపిరి బిగబట్టగలడన్న దాంట్లో ఉంటుంది. అతను పైన పీల్చిన గాలితోనే దిగుతాడు, దాంతోనే పైకి వస్తాడు కాబట్టి ఆ ఊపిరి వ్యాకోచించి చిరిగే ప్రమాదం లేదు. సిలిండర్ తగిలించుకోగానే అదే విద్య ప్రాణం తీస్తుంది. పరికరం మారితే పాత అలవాటే ముప్పు అవుతుందన్నమాట.

రెండోది, జంట. ఎవరూ ఒంటరిగా దిగరు. దిగేముందు ఒకరి సామాను ఒకరు చూడాలి: జాకెట్‌లో గాలి నిండుతోందా, బరువుల బెల్టు ఒక్క చేత్తో ఊడుతుందా, పట్టీలు సరిగ్గా పడ్డాయా, గాలి తెరిచి ఉందా, ఇక దిగొచ్చా. వందలసార్లు దిగినవాడు కూడా ఈ ఐదూ చూడాల్సిందే. ప్రతివాడి దగ్గరా నోట్లోది కాక ఇంకో రెగ్యులేటర్ వేలాడుతుంటుంది, పసుప్పచ్చగా. అది తనకోసం కాదు, పక్కవాడి గాలి అయిపోతే ఇవ్వడానికి. ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని మోకాళ్ళమీద కూర్చోబెట్టి పదేపదే చేయిస్తారు. మాస్కులోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది ఎలా తోసెయ్యాలో, మాస్కు మొత్తం ఊడిపోతే కళ్ళు మూసుకుని ఎలా ఊపిరి తీస్తూ ఉండాలో, నోట్లోది జారిపోతే చెయ్యి వెనక్కి తిప్పి ఎలా వెతుక్కోవాలో అన్నీ అంతే. ముందు పూల్‌లో, తరవాత సముద్రంలో. మన భాషలో చెప్పాలంటే స్టేజింగ్‌లో పాస్ కాకుండా ప్రొడక్షన్‌కి పంపరు.

మూడోది సైగలు. మొదటిరోజు ప్రతి ఐటీ కుర్రాడూ బొటనవేలు పైకెత్తుతాడు, బాగుందని. నీళ్ళకింద దానర్థం "పైకి వెళ్ళిపోదాం" అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలపాలి. ఇందాకటి ఫోటోల్లో అందరూ పైకి వెళ్ళిపోదామనే బతిమాలుతున్నట్టుంటుంది చూడండి :)

నాలుగోది లెక్క. సిలిండర్‌లో గాలి అయిపోయాక పైకి రావడం కాదు, యాభై బార్ మిగిలుండగానే పైన ఉండాలి. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా నిదానంగా రావాలి. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. లోతులో ఉండగా రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి కదా, లేకపోతే సోడా సీసా మూత తీసినట్టే. ఇదే లెక్కలో మనవాళ్ళు బాగా మర్చిపోయేది ఇంకోటుంది. డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్కసారి దిగితే కనీసం పన్నెండు గంటలు, చాలాసార్లు దిగితే పద్దెనిమిది గంటలు ఆగమంటారు. ఆదివారం మధ్యాహ్నం దాకా సముద్రంలో ఉండి, రాత్రి ఫ్లైటెక్కి సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్‌కి వచ్చేద్దామని ప్లాన్ వేసేవాళ్ళు దయచేసి ఇది ఒకటికి రెండుసార్లు చదవండి. లీవు ఒకరోజు పొడిగించుకోండి.

ఇక అన్నిటికంటే నాకు నచ్చింది: ఆగు, ఊపిరి తీసుకో, ఆలోచించు, అప్పుడు కదులు. కంగారు పడ్డవాడు ఏం చేసినా తప్పే చేస్తాడని వాళ్ళకి తెలుసు. అందుకే కంగారు రాకముందే చేతులకి అలవాటయ్యేదాకా చేయిస్తారు. ధైర్యం చెప్పడం వేరు, ఇలా తర్ఫీదు ఇవ్వడం వేరు. మనవాళ్ళు మొదటిది బాగా చేస్తారు.

ఇప్పుడు రెస్క్యూ కోర్సుకి వద్దాం, ఎందుకంటే తాడిపూడి లాంటి చోట పనికొచ్చేది అదే. అక్కడ మొదటిరోజే చెప్పేది "నువ్వు రెండో శవం కాకూడదు" అని. మునిగేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడని మన సామెత. గడ్డిపోచనే పట్టుకునేవాడు మనిషి దొరికితే వదులుతాడా? భుజాలెక్కి కూర్చుంటాడు. అందుకని ముందు ఒడ్డు నుంచి ఏదైనా అందించాలి: గెడ, కొమ్మ, చీర, పంచె, తువ్వాలు. అందకపోతే తేలేది ఏదైనా విసరాలి: ఖాళీ నీళ్ళ డబ్బా, బిందె, లారీ ట్యూబు, తాడు. పడవుంటే పడవలో వెళ్ళాలి. నీళ్ళలోకి దూకడం అన్నిటికన్నా ఆఖరి దారి, అదీ శిక్షణ ఉన్నవాడికే. తప్పనిసరై వెళ్ళినవాడిని వాడు పట్టేసుకుంటే కిందికి మునగమంటారు, మునిగేవాడు మాత్రం మనతోపాటు కిందికి రాడు, వదిలేస్తాడు.

ఇంకో సంగతి. మునిగేవాడు సినిమాల్లోలాగా "కాపాడండీ" అని అరవడు. నోరు నీళ్ళపైకి వచ్చే ఆ ఒక్క క్షణం గాలి పీల్చుకోవడానికే సరిపోదు, అరుపెక్కడ? చేతులు పైకెత్తి ఊపడు, నీటిని కిందికి నొక్కుతుంటాడు. చూసేవాడికి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అమెరికాలో ఫ్రాంక్ పియా అనే లైఫ్‌గార్డ్ 1970ల్లో ఇది గమనించి చెప్పాడు. ఒడ్డున పదిమంది ఉండి కూడా ఎవరూ చూడలేదన్న వార్తలు అందుకే వస్తాయి.

బయటికి తీశాక ఏం చెయ్యాలనేది మూడోది. మా వైపు ఇప్పటికీ తలకిందులుగా పట్టుకుని తిప్పడం, బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కడం చేస్తారు, నీళ్ళు కక్కించాలని. అది చెయ్యకూడదు. పొట్టలోవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పైగా విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే మామూలు గుండెపోటులా ఛాతీ ఒక్కటే నొక్కితే చాలదు. ముందు నోట్లోకి ఊపిరి ఊదాలి, తరవాత ముప్పైసార్లు ఛాతీ నొక్కి రెండుసార్లు ఊదుతూ, 108 వచ్చేదాకా ఆపకూడదు. మునిగినవాడికి మొదట అయిపోయింది గాలి కాబట్టి మొదట ఇవ్వాల్సిందీ గాలే. ఈ ఒక్క పేరా చదివి మిగతాది వదిలేసినా నాకు ఇష్టమే.

"ఇదంతా మాకు తెలీదా, మా తాతలు కాలవలో నేర్చుకోలేదా" అని అడిగేవాళ్ళున్నారు. మా మావయ్యే అడిగాడు. నిజమే. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పట్నుంచీ మా వైపు ఊరూరా కాలవే. విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే పశ్చిమ డెల్టా కాలవ మా నిడదవోలు మీదుగానే పోతుంది. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకి కట్టుకుని, అరటి బోదె పట్టుకుని, పెద్దవాళ్ళు పక్కనుండగా ఒక తరం మొత్తం అందులోనే ఈత నేర్చుకుంది. ఆలోచిస్తే అదీ పద్ధతైన శిక్షణే. తేలే ఆధారం ఉంది, చూసే గురువు ఉన్నాడు, మెట్టు మెట్టుగా బుర్రలు తగ్గించడం ఉంది.

"మరి నీకెవరు నేర్పారు మావయ్యా?" అన్నాను.

"మా నాన్నే తోశాడ్రా నీళ్ళలోకి, తనూ దూకాడు" అన్నాడు.

"మరి మీ అబ్బాయికి?"

"వాడికెక్కడ్రా టైము, ఏడింటికి బస్సు, రాత్రి ఎనిమిదికి ట్యూషను..."

చూశారా, తెగిపోయింది అక్కడే. మా తరానికి కాలవ అంటే "అటెళ్ళకు" అన్న మాట ఒక్కటే మిగిలింది. ఈత నేర్పడం మానేశాం, నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. పైగా మారాయి కూడా. గోదావరిలో ఇసుక తీసిన చోట గోతులు పడి, మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఒక్క అడుగులో నిలువు లోతుకి పోతాడు. 2024 జులైలో ఎర్రకాలువ పొంగి నిడదవోలు చుట్టుపక్కల ఊళ్ళూ పొలాలూ ఏమయ్యాయో చూశాం. నీళ్ళ దగ్గరికి మనం వెళ్ళకపోయినా అవే మన దగ్గరికి వస్తాయి.

లెక్కలు కావాలంటే, జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో మన దేశంలో నీళ్ళలో మునిగి పోయినవాళ్ళు 38 వేల పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021కి ప్రపంచం మొత్తం మీద వేసిన లెక్క సుమారు మూడు లక్షలు. ఆ సంస్థే ఆరేళ్ళు దాటిన పిల్లలకి బడిలో ఈత, నీళ్ళ దగ్గర జాగ్రత్తలు, ఒడ్డునుంచి కాపాడే పద్ధతి నేర్పమంటోంది. మన బడుల్లో రోబోటిక్స్ ల్యాబులొచ్చాయి, సంతోషం. ఇదెప్పుడొస్తుందో మరి.

ఇక గజ ఈతగాళ్ళ సంగతి. నాకు వాళ్ళంటే ఎంత గౌరవమో, వాళ్ళని మనం వాడుకునే తీరంటే అంత సిగ్గు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో పాపికొండలకి వెళ్తున్న రాయల్ వశిష్ట బోటు వరదలో మునిగింది. బతికి బయటపడ్డవాళ్ళలో చాలామందిని కాపాడింది పక్క ఊళ్ళ జనమే, నాటు పడవలేసుకుని వెళ్ళి. తరవాత పెద్ద పెద్ద బృందాలొచ్చాయి. చివరికి అక్టోబరు 22న, ముప్పై ఎనిమిదో రోజుకి, ఆ బోటుని బయటికి లాగింది కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, ఇనప తాళ్ళు, పొక్లెయినర్, విశాఖ నుంచి వచ్చిన డైవర్లు, అన్నిటికీ మించి నీళ్ళ పోకడ తెలిసిన అనుభవం. రాష్ట్రమంతా టీవీల్లో చూసి చప్పట్లు కొట్టింది. తరవాత ఆ అనుభవం ఎక్కడైనా పాఠంగా మారిందా? ఇంకో పదిమందికి నేర్పే ఏర్పాటు ఏదైనా మొదలైందా? నాకైతే ఎక్కడా కనపడలేదు.

మా వైపు ఒక పెద్దాయన ఉన్నారు, పోలీసులు పిలిస్తే వెళ్ళి వెతికిపెడతారు. ఎన్నేళ్ళుగానో తెలీదు, ఆయనకీ లెక్క లేదు. "ఏవండీ, సిలిండర్ లాంటివి ఏమైనా ఇస్తారా?" అని అడిగాను. "ఆయ్, మనకి బాటిళ్ళెందుకండీ బాబూ, ఊపిరుంది కదండీ" అని నవ్వారు. తరవాత నెమ్మదిగా అన్నారు, "బతికున్నోణ్ణి తియ్యడానికి మమ్మల్ని ఎప్పుడూ పిలవరండి." ఇంతకన్నా బాగా ఈ విషయాన్ని నేను చెప్పలేను.

ఇక్కడ ఒక జాగ్రత్త. నేనన్నది విని ఎవరైనా ఓపెన్ వాటర్ కార్డు జేబులో పెట్టుకుని వరద గోదావరిలో దిగితే అది ఇంకో చావే. బురద నీళ్ళలో చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. ప్రవాహం, చెట్ల కొమ్మలు, వలలు... అక్కడ నడుముకి తాడు, పైన ఆ తాడు పట్టుకునే మనిషి, పక్కన సిద్ధంగా ఇంకో డైవర్, ఇదంతా వేరే శిక్షణ. మన కార్డు మీద రాసుండేది పద్దెనిమిది మీటర్ల లోతు దాకా, మనం నేర్చుకున్నలాంటి నీళ్ళలో, జంటతో అని. అంతకుమించి ఏమీ లేదు.

సరదా విద్య ఎంత దూరం పోగలదో చూడాలంటే 2018లో థాయిలాండ్ గుహ గుర్తు తెచ్చుకోండి. థామ్ లువాంగ్ గుహలో వరదకి చిక్కుకుపోయిన పన్నెండు మంది పిల్లల్నీ వాళ్ళ కోచ్‌నీ జులై 2న వెతికి పట్టుకున్న ఇద్దరిలో ఒకాయన జాన్ వొలాంథెన్. ఆయన ఉద్యోగం ఐటీ కన్సల్టెంట్. అవును, మనలాగే. ఇంకొకాయన రిక్ స్టాంటన్, రిటైరైన ఫైర్‌మ్యాన్. వీకెండ్లలో గుహల్లో దిగడం వాళ్ళ పిచ్చి. ఆ పిచ్చిని ఎన్నో ఏళ్ళు, లెక్క తప్పకుండా, పద్ధతిగా చేశారు కాబట్టి సైన్యాలకి కష్టమైన పని చెయ్యగలిగారు. అదే ఆపరేషన్‌లో సమన్ కునన్ అనే మాజీ నేవీ డైవర్, లోపల సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ జులై 6న ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎంత శిక్షణ ఉన్నా నీళ్ళు నీళ్ళేనని అది కూడా గుర్తుండాలి.

"స్కూబా డబ్బున్నవాళ్ళ సరదా, దాన్ని తెచ్చి కాలవ గట్టు మీద పెడతావేంటి" అని ఒక స్నేహితుడు అన్నాడు. నేనడిగేది స్కూబా కాదండీ. ఆ నేర్పే పద్ధతి. పది నిమిషాలు తేలడం, జంటగా దిగడం, దిగేముందు చూసుకోవడం, ఒడ్డునుంచి అందించడం, ఊపిరి ఊదడం. వీటిలో ఒక్కదానికీ సిలిండర్ అక్కర్లేదు. కావాల్సింది నేర్పేవాడు, అదీ తెలుగులో నేర్పేవాడు. ఇప్పుడు పుస్తకాలూ వీడియోలూ పరీక్షలూ ఇంగ్లీషులోనే నడుస్తున్నాయి. నీళ్ళని పుట్టినప్పట్నుంచీ చదివిన మత్స్యకారుల కుర్రాడికి ఇంగ్లీషు అడ్డం. ఇంగ్లీషు వచ్చిన మనకి నీళ్ళు అడ్డం. పోర్ట్‌బ్లెయిర్‌లో బోటు మీద సాయం చేసే కుర్రాడు ఒకడు నాతో శ్రీకాకుళం యాసలో మాట్లాడాడు. గాలి ఎటు తిరుగుతుందో, పోటు ఎప్పుడొస్తుందో వాడు చెప్పినట్టు మా శిక్షకుడు కూడా చెప్పలేదు. మరి వాడు శిక్షకుడు కాకుండా సిలిండర్లు మోస్తున్నాడెందుకు? ఇది నాకు పట్టుకున్న ప్రశ్న.

సముద్రంలో ఉండేవాటి గురించి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే దిగి ఏం లాభం. మొదటిసారి దిగినప్పుడు మనకి అర్థమయ్యేది అదేమీ అక్వేరియం కాదని. పగడం రాయి కాదు, బతికున్న జీవి. ఏడాదికి ఏ కొద్ది సెంటీమీటర్లో పెరిగినదాన్ని మన ఫిన్ ఒక్క తన్నుతో విరిచేస్తుంది. 2010లో అండమాన్‌లో, 2024లో లక్షద్వీప్‌లో నీళ్ళు వేడెక్కి పగడాలు తెల్లబోయాయి. దానికితోడు మన తన్నులెందుకు? లయన్ ఫిష్ అందంగా ఉందని చెయ్యి పెడితే ముల్లులో విషం ఉంటుంది. రాయనుకుని కాలు పెడితే స్టోన్ ఫిష్ కావచ్చు. కాబట్టి దేన్నీ ముట్టుకోకపోవడం వాటికీ క్షేమం, మనకీ క్షేమం. మన జాకెట్‌లో గాలి, మన ఊపిరి రెండూ సరిచూసుకుని నీళ్ళ మధ్యలో నిలకడగా ఉండగలిగితే చాలు, సగం సముద్రాన్ని కాపాడినట్టే.

మన తీరంలోనే ఎంతుందో చాలామందికి తెలీదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో వలలో చిక్కిన తిమింగలం సొరని, ప్రపంచంలోనే అతిపెద్ద చేపని, మత్స్యకారులూ అటవీశాఖవాళ్ళూ కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపారు. కోరంగి అభయారణ్యం పక్కన హోప్ ఐలాండ్ ఇసకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఏటా జనవరి వచ్చిందంటే కాకినాడ, కోనసీమ తీరాలకి చచ్చిన తాబేళ్ళు కొట్టుకొస్తాయి. ఎందుకో తెలుసా? తాబేలు చేప కాదు, దానికి ఉన్నది ఊపిరితిత్తులే. ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. అంటే అది కూడా మునిగిపోయే చస్తోంది, మన పిల్లల్లాగే. వలకి బయటపడే దారి పెట్టే పరికరం ఉంది, వాడకమే తక్కువ. అక్కడా ఇక్కడా ఉపాయం ఉంది, అలవాటు చెయ్యడమే లేదు. ఇక మా కాలవల్లో పారేసిన ప్లాస్టిక్ అంతా చివరికి చేరేది ఆ తాబేళ్ళ దగ్గరికే. వరదల్లో అదే దారిలో ఎదురీదుతూ వచ్చే పులస కోసం పుస్తెలమ్ముతామంటాం గానీ, అది వచ్చే దారి శుభ్రంగా ఉంచం.

సరే, మనం ఏం చెయ్యొచ్చు? ఐటీ వాళ్ళం కాబట్టి యాక్షన్ ఐటమ్స్ లేకుండా ముగిస్తే తోచదు కదా.

1. ఈత రాకపోతే ముందు ఈత. ముప్పై దాటినా పర్లేదు. హైదరాబాద్‌లో ఏ గేటెడ్ కమ్యూనిటీలో చూసినా పూల్ ఫోటోలకే ఉంది. పది నిమిషాలు తేలడం ఒక్కటి లక్ష్యం పెట్టుకోండి చాలు.

2. ట్రై డైవ్ చేస్తే ఫారం చదవండి. శిక్షకుడికి ఎంతమంది, అతని కార్డు ఏది, ఆక్సిజన్ కిట్ బోటులో ఉందా అని అడగండి. విసుక్కుంటే డబ్బులు పోయినా సరే వెనక్కి వచ్చేయండి. నచ్చితే రెండోసారి ట్రై డైవ్‌కి పెట్టే డబ్బు దాచి కోర్సు చెయ్యండి.

3. టీమ్ అవుటింగ్‌కి రిసార్టు, నది, జలపాతం ఏదైనా సరే, బడ్జెట్ షీటులో లైఫ్ జాకెట్లకి ఒక వరస, ఒడ్డున ఉండే మనిషికి ఒక వరస పెట్టండి. బీరు లెక్కకి ఇచ్చే శ్రద్ధలో పదోవంతు చాలు.

4. కంపెనీల సేవా నిధులతో బడులకి వాడి పారేసిన కంప్యూటర్లు పంపుతాం. ఒక ఎండాకాలం మా డెల్టాలో ఒక మండలానికి ఈత, ఒడ్డు సాయం, ఊపిరి ఊదడం నేర్పే శిబిరం పెడదామని అడిగి చూడండి. నేర్పడానికి ఆ గజ ఈతగాళ్ళనే పెట్టి జీతం ఇవ్వాలి, వాళ్ళకి ప్రథమ చికిత్స నేర్పించాలి. నేను మా ఆఫీసులో అడిగాను. "ఇంపాక్ట్ ఎలా కొలుస్తావు?" అన్నారు. జరగని చావుని ఎలా కొలవాలో నాకూ తెలీదు. మళ్ళీ అడుగుతున్నాను.

5. 2027 గోదావరి పుష్కరాలు. లక్షల మంది దిగే నీళ్ళు. ప్రతి రేవులో తాడు కట్టిన ట్యూబు ఒకటి, పొడుగాటి గెడ ఒకటి, మునిగినవాడికి ఏం చెయ్యాలో తెలుగులో బొమ్మలతో రాసిన బోర్డు ఒకటి. ఇవి మూడూ పెట్టడానికి మంత్రిగారు అక్కర్లేదు, ఊరివాళ్ళు చాలు. పుష్కరాలయ్యాక కూడా అవి అక్కడే ఉండాలి.

ఇవన్నీ చేస్తే మునకలు ఆగిపోతాయని నేను అనను. కాని ఒడ్డున నిలబడ్డ పదిమంది స్నేహితుల్లో ఒక్కడికి "దూకద్దురా, ఆ పంచె ఇటివ్వు" అనడం తెలిసుంటే, పేపర్లో ఎనిమిది అన్న అంకె ఒకటి దగ్గర ఆగేది. ఆ ఒకటి కూడా సున్నా అయ్యుండేదేమో. మీ ఊళ్ళో కాలవ గట్టున ఆ మాట అనగలిగేవాడు ఎవరైనా ఉన్నాడా? లేకపోతే, ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మీరే ఎందుకు కాకూడదు?